నెమలి తోక విప్పే ముందు

సుబేదారి, హనుమకొండ
ఆదివారం, పొద్దున

చెల్లె భ్రమరాంబకు,

నీ పెళ్ళిలో అప్పగింతలు అయ్యాక మీ ఆయన నన్ను పందిరి గుంజ దగ్గరికి తీసుకుపోయి, నా చేతిలో చేయి వేసి ఒక మాట ఇచ్చాడు. "నువ్వు మళ్ళ డోర్నకల్ వచ్చేదాక నీ నెమలి మీద ఆకురాయి పెట్ట బావా, మేకు కొట్ట" అన్నాడు. నువ్వు పక్కనే ఉన్నావు. ఏడుపులో ఏమీ వినలేదని తర్వాత అన్నావు. విన్నావు.

ఉత్తరం ఇట్లా మొదలుపెట్టకూడదని నాకు తెలుసు. ముందు అందరి క్షేమం అడగాలి, తర్వాత వానల సంగతి, ఆ తర్వాతే మిగతావి. సరే, అడుగుతున్నాను. నీ మోకాళ్ళు ఎట్లా ఉన్నాయి? మెట్లు ఎక్కవద్దని డాక్టరు చెప్పిన మాట వింటున్నావా, బట్టలు ఆరేసే వంకతో మిద్దె మీదికే పోతున్నావా? చిన్నమ్మ పూట పూటకు అన్నం తింటున్నదా? మీ ఆయన చెవుల సంగతి, మన వీధి రైల్వే గార్డు మొన్న ఇక్కడ కలిసి చెప్పాడు. పక్కన నిలబడి అరిస్తే తప్ప వినబడడం లేదట. ఇన్నేళ్ళు ఊరూరా పెళ్ళిళ్ళలో ఆ మైకుసెట్టు లౌడ్‌స్పీకరు కిందనే కుర్చీ వేసుకున్నాడు. చెవులు పోక ఏమవుతాయి? అయినా దవాఖానలో చూపించు.

నేను బాగానే ఉన్నాను, ఫికర్ పడకు. సరళ ఇల్లు గాలి వచ్చే ఇల్లు. నల్లా లోపలనే ఉంది. మీ వదిన పోయిన తర్వాత బిడ్డ నన్ను ఇక్కడికి తెచ్చుకున్నది నా మంచికే. ఈ మాట నాకు నేను రోజూ చెప్పుకుంటున్నాను. వానలు వెనక్కి పట్టాయి. పగలంతా ఉక్క, సాయంత్రం మబ్బు కమ్ముతుంది, పడదు. తిండికి లోటు లేదు, కానీ బీపీ అని బిడ్డ ఉప్పు తగ్గించింది. గ్యాసు పొయ్యి మీద అన్నం తొందరగా అవుతుంది, నోట్లో పెట్టుకుంటే అది అన్నమని ఎవరన్నా చెప్పాలి. నిద్ర మాత్రం పట్టడం లేదు. డోర్నకల్‌లో పుట్టినప్పటినుంచి ఇంజన్ల షంటింగు చప్పుడులో నిద్రపోయినవాడిని. ఇక్కడ ఆ చప్పుడు లేకపోతే ఎవరో తట్టి లేపినట్లు మెలకువ వస్తోంది.

చేతులు ఊరుకోవడం లేదు చెల్లె. హాల్లో గోడగడియారం కొంచెం వెనక నడుస్తోందని విప్పాను. సరిచేసి పెట్టాను. తర్వాత కుట్టుమిషను విప్పాను. ఆ తర్వాత ఫ్యాను రెగ్యులేటరు. అల్లుడు పెద్దమనిషి, నాతో నేరుగా ఏమీ అనడు, బిడ్డ చేత అనిపిస్తాడు. సరళ వచ్చి నా పక్కన కూర్చొని, "నాయినా, జరసేపు ఒక్కకాడ కూసోరాదు? ఏదన్న పాడైతె నేనే చెప్త. పాడుగానియి ఎందుకు ఇప్పుతవు?" అన్నది. పాడు కాకముందు విప్పి చూసేవాడినే ఫిట్టరని అంటారు. లేచి చెప్పులు వేసుకొని బయటికి పోయాను.

ఈ కాలనీలో అందరూ ఆఫీసర్లు. కానివాళ్ళు ఆఫీసర్ల వియ్యంకులు. సాయంత్రం కల్వర్టు మీద కూర్చుంటారు. మీరు ఏం చేసేవారని అడిగితే లోకోషెడ్డులో ఫిట్టరునని చెప్పాను. తలలూపి, మళ్ళీ ప్రమోషన్ల మాటల్లో పడ్డారు. బొమ్మలు కూడా వేస్తానని ఇంకోరోజు చెప్తే, ఒకాయన తన ఇంటి గేటు మీద పేరు రాసిపెట్టమన్నాడు. పుట్టినప్పటినుంచి ఇదే వరస. బడిలో డ్రాయింగు మాస్టారు నేను గీసిన గుర్రాన్ని చూసి, "వడ్లోల్ల పిలగానివి, రంద పట్టరాదుర, కుంచె నీకెందుకు" అని, వడ్రంగం చేసుకొమ్మన్నట్లు వెనక బెంచీకి పంపాడు. ఆ గుర్రం కాళ్ళు ఆయన వేసిన గుర్రం కాళ్ళకన్నా బాగున్నాయి, అదీ ఆయన బాధ. షెడ్డులో ఫోర్‌మన్, ఇనుప పలక మీద నేను సుద్దముక్కతో వేసిన పక్షిని చూసి, ఆర్టిస్టుగారి చేతికి సుత్తె ఇవ్వకండి, చేయి కందుతుందని షిఫ్టంతటి ముందు నవ్వించాడు. బొమ్మలవాళ్ళకు నేను మేస్త్రీని, మేస్త్రీలకు బొమ్మలవాడిని. ఇక్కడి గ్రంథాలయంలో ఒక పుస్తకం దొరికింది. పూర్వం దూరదేశాల్లో గడియారాలు చేసేవాళ్ళే ఇనుప పక్షులను కూడా చేసి రాజుల ముందు పాడించేవాళ్ళట. నువ్వు కమ్మరివా, చిత్రకారుడివా అని ఆ రాజులు వాళ్ళను అడిగినట్లు అందులో ఎక్కడా లేదు. డ్రాయింగు మాస్టారు బతికి ఉంటే ఆ పుస్తకం పోస్టులో పంపేవాడిని.

నెమలి సంగతి నీకు కొత్త కాదు. కానీ ఈ ఉత్తరం నీ మనవలు కూడా చదువుతారు, వాళ్ళకోసం రాస్తున్నాను. మీ నాయనమ్మ పెళ్ళికి నేను బల్బుల నెమలిని చేశాను. మనిషికన్నా ఎత్తు. పందిరి ముందు నిలబెడితే ఊరంతా వచ్చి చూసింది. వెనక ఒక పెట్టెలో టేకు రోలరు ఉండేది. చిన్న మోటారు, బెల్టుతో దాన్ని నిదానంగా తిప్పేది. రోలరు మీద ఇత్తడి రేకు ముక్కలు కొట్టాను. పైన రాగి పట్టీలు వరుసగా దాన్ని ఆనుకొని ఉంటాయి. పట్టీ కింద ఇత్తడి ఉన్నంతసేపు ఆ వరుస బల్బులు వెలుగుతాయి, కట్టె వస్తే ఆరిపోతాయి. పొడుగు రేకు కొడితే ఎక్కువసేపు, పొట్టి రేకు కొడితే తక్కువసేపు. ఆ రేకుల పొడుగులోనే ఉంది నెమలి ఎట్లా కదలాలన్నది.

ఆ రేకులను నేను లెక్కవేసి కత్తిరించలేదు. డోర్నకల్ అవుటర్ సిగ్నలు దగ్గర కంపచెట్లలో నెమళ్ళు తిరిగేవి. డ్యూటీ దిగి, ఒంటికి గ్రీజు ఉండగానే పోయి కూర్చునేవాడిని. తోక విప్పే ముందు నెమలి ఆగుతుంది. మెడ కూడా కదలదు. చూసేవాడి ఊపిరి దానితోపాటు ఆగుతుంది. ఈకలు ఒకసారి జలదరిస్తాయి, అప్పుడు లేస్తుంది తోక. అందుకని రోలరు మీద ఒకచోట వెడల్పుగా ఉత్త కట్టె వదిలాను. అక్కడికి వచ్చేసరికి బల్బులన్నీ ఆరిపోతాయి. కన్ను ఒక్కటే వెలుగుతూ ఉంటుంది. ఆ ఖాళీ కోసమే మిగతా నెమలినంతా చేశాను.

పెళ్ళికి ముందే నాకు దూరపు షెడ్డుకు బదిలీ ఆర్డరు వచ్చింది, నీ పెళ్ళైన వెంటనే పోవాల్సి వచ్చింది. నెమలిని మీ ఆయన మైకుసెట్టు దుకాణంలో ఉంచి పోయాను. తిరిగి వచ్చిన సంవత్సరం గార్ల దగ్గర ఒక పెళ్ళికి పోతే, పందిరి ముందు నా నెమలి ఛత్రీ విప్పినట్లు టప్పున తోక విప్పుతోంది. మూస్తోంది, విప్పుతోంది. వెనక్కి పోయి పెట్టె మూత తీశాను. ఖాళీలో ఇత్తడి రేకు కొట్టి ఉంది. మేకు తల కూడా సరిగా దిగలేదు.

ఎందుకు కొట్టావని మీ ఆయనను అడిగాను. ఆయన నవ్వుతూ చెప్పాడు. "ఖాళీ రాంగనె కరెంట్ పోయిందని జనం లేస్తాన్రు బావా. బంతిల కూసున్నోళ్ళు ఇస్తర్ల ముంగటికెల్లి లేస్తె పెండ్లోల్లు నన్ను తిడ్తాన్రు. గందుకె పూడ్సిన. నీ నెమలికేమైంది, మంచిగనె ఆడుతాంది గద."

ఆనాటినుంచి మీ ఇంట్లో నేను మంచినీళ్ళు ముట్టలేదు. నువ్వు చాలాసార్లు ఏడ్చావు. ఒక రేకు ముక్కకోసం ఇంత పంతమా అన్నావు. ఈ ఉత్తరం పూర్తిగా చదువు, అది ఎంత ముక్కో తెలుస్తుంది.

ఇల్లు వదిలి తిరుగుతూ ఒకరోజు హనుమకొండ చౌరస్తా దాకా పోయాను. సందులో ఒక దుకాణం. టీవీలు బాగుచేస్తారు, పండుగలకు లైట్లు కడతారు. డిజిటల్ లైటింగ్ అని బోర్డు. అద్దం వెనక చిన్న బల్బుల వరుస ఒకటి కుడినుంచి ఎడమకు పరుగెత్తుతోంది. నిలబడి చూస్తున్నాను. దుకాణం మనిషి, నలభై ఏళ్ళవాడు, పేరు యాకూబ్, చేతిలో సోల్డరింగు కడ్డీతోనే బయటికి వచ్చాడు.

"ఏం కాకా, ఇందాకటిసంది జూస్తానవ్. కొంటవా, తప్పు వడ్తవా?"

"తప్పు పడుతాన" అన్నాను. "ఉరుకుతానయి గని, యాడికి పోతానయో వాటికే తెల్వది."

కోపం వస్తుందనుకున్నాను. స్టూలు వేసి టీ చెప్పాడు. పెట్టె విప్పి చూపించాడు. మోటారు లేదు, బెల్టు లేదు. అరచేయంత పలక మీద నల్లటి ముక్కలు, పురుగులకున్నట్లు వాటికి కాళ్ళు. అందులో ఒక ముక్క ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టుకుంటూ పోతుందట. ఒక్కొక్క అంకె దగ్గర డయోడనే గింజంత వస్తువును ఎక్కడెక్కడ అతికిస్తే ఆ బల్బులు వెలుగుతాయి. అతికించని చోట చీకటి. పలకను కళ్ళజోడు దగ్గర పెట్టుకొని చాలాసేపు చూశాను. అది నా రోలరు, భ్రమరాంబా. రోలరును కోసి చాపలాగా పరిచినట్లుంది. ఇత్తడి ఉండాల్సిన చోట డయోడు, కట్టె ఉండాల్సిన చోట ఖాళీ. డ్రాయింగు మాస్టారుకూ ఫోర్‌మన్‌కూ నడుమ నలిగి నేను ఒంటరిగా చేసుకున్న పనిని, లోకంలో ఎక్కడో ఎవరో గదుల్లో కూర్చొని గోరంత చేశారు. నాకు సంతోషం కలగలేదు. ముందుగా కోపం వచ్చింది. ఎవరిమీదనో తెలియలేదు.

యాకూబ్ ఈ పని పోస్టులో వచ్చే పాఠాలు చదివి, పాడైన టీవీలు విప్పి నేర్చుకున్నాడు. విప్పి చూసేవాళ్ళలో మన జాతివాడే. ఒక్కటే లోటు, చేతికి గీత రాదు. "నేనేం జేసినా ఉరుకుడే అయితది కాకా, బొమ్మ గాదు" అన్నాడు. బొమ్మ నేను చేస్తానన్నాను.

ఇక్కడ కాలనీ మైదానంలో బతుకమ్మ ఆడతారు. గేటు ముందు లైట్లు కట్టే పని ఈసారి యాకూబ్‌ది. కమిటీ ప్రెసిడెంటు రిటైరైన ఆఫీసరు, కల్వర్టు మీది పెద్దమనుషుల్లో పెద్ద. ఆయనకు గేటు మీద చందాదారుల పేర్లు బల్బులతో వెలిగి ఆరుతూ పరుగెత్తాలట. నెమలి పెడదామని నేనన్నాను. ఆయన నన్ను కిందినుంచి పైకి చూసి, "నెమలేమన్న చందా ఇచ్చిందా పెద్దమనిషీ?" అన్నాడు. అందరూ నవ్వారు. నవ్వనీ. బాగా అన్నాడని ఒప్పుకుంటాను, ఆయన జీవితంలో అన్న మంచి మాట అదొక్కటే అయి ఉంటుంది. యాకూబ్ నడుమ పడి, మొదటి రోజు ఎంగిలిపూల నాడు నెమలిని పెడతాం, మెచ్చకపోతే తెల్లారి పీకేసి పేర్లు ఉరికిస్తాం అని ఒప్పించాడు. అంటే ఒక్క సాయంత్రం. ఈ వయసులో నాకు ఇంకొకరు ఇంకో గేటు ఇవ్వరు. నెమలి ఆ ఒక్క సాయంత్రం సరిగా తోక విప్పాలి.

అప్పటినుంచి కుదురు లేదు. వసారాలో ప్లైవుడు పరిచి నెమలిని గీశాను. బల్బు బల్బుకు తూటు పొడిచాను. బల్బులను రంగుల లక్కలో ముంచి దండెం మీద ఆరబెడితే, సరళ తులసి కోట మీద నీలం చుక్కలు పడ్డాయి, రెండు రోజులు ముఖం ముడుచుకుంది. రేకుల పొడుగులు తల గుర్తుపెట్టుకోలేదు, చేయి గుర్తుపెట్టుకుంది. పాలడబ్బాకు పేపరు చుట్టి, రోలరు అనుకొని కళ్ళు మూసుకొని పెన్సిలు పెడితే ఒక్కొక్కటే వచ్చాయి. అల్లుడు ఇంటికి వచ్చి పేపరు అడిగితే, నడిమి కాగితాలు నెమలి తోక అయిపోయాయి. ఆయన చదవని వార్త అందులో ఏమీ లేదు, నేను ముందే చూశాను.

ఆ కాగితం చూసి యాకూబ్ డయోడులు అతికించాడు. ఒక మధ్యాహ్నం దుకాణం షట్టరు సగం దించి స్విచ్చు వేశాడు. మెడ వెలిగింది, కన్ను వెలిగింది. టప్పున తోక. మూసింది. టప్పున తోక.

ఛత్రీ.

మీ ఆయన నా ఎదుటికి వచ్చి నిలబడినట్లయింది. యాకూబ్‌ను ఏమన్నానో నీకు రాయలేను. చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి వచ్చాను. మళ్ళీ దుకాణం దిక్కు పోలేదు. పొద్దున లేచి పద్మాక్షి గుట్ట దాకా నడిచేవాడిని, అక్కడికి పోయాక ఎందుకు వచ్చానో తెలియక వెనక్కి వచ్చేవాడిని. గడియారాన్ని మళ్ళీ విప్పాను. సరళ ఈసారి దూరంనుంచి చూసి పోయింది. పండుగ దగ్గరికి వస్తోంది, మైదానంలో గేటు గుంజలు కూడా పాతారు.

ఒక ఆదివారం యాకూబే ఇంటికి వచ్చాడు. సైకిలు క్యారియరు మీద పెట్టె, హ్యాండిలుకు నా చెప్పులు తగిలించి ఉన్నాయి.

"తిట్టినవ్ కాకా, మంచిగనె ఉంది. మా అబ్బ గూడ నన్ను గంతగనం తిట్టలే" అన్నాడు. "గని తప్పేందో చెప్పకుంటనె పోతివి. గది చెప్పు."

మెట్ల మీద కూర్చోబెట్టి చేత్తో చూపించాను. ఐదు వేళ్ళూ ముడిచాను. బొటనవేలిని కన్ను అనుకొమ్మన్నాను. ముడిచి అట్లాగే ఉంచాను. చూశాడు. ఇంకా ఉంచాను. "ఏమైంది కాకా, చెయ్యి పట్టుకున్నదా?" అన్నాడు. నోరు మూసుకొమ్మన్నాను. అప్పుడు చేయి కొంచెం వణికించి నడిమి వేలు, దాని పక్కవి, చివరవి విప్పాను.

యాకూబ్ తల గోక్కున్నాడు. "గా జాగనా? గండ్ల ఏం లేదు గద కాకా. వరసగ అన్ని అంకెలల్ల ఒక్క కన్నే ఉన్నది. ఉత్తగ పోతానయని నేనే తీసేసిన."

చూశావా? లైట్లవాళ్ళు చేసే తప్పు ఇదొక్కటే. వెలుగు లేని చోట పని లేదనుకుంటారు. మీ ఆయన రేకు కొట్టి పూడ్చిన ఖాళీని యాకూబ్ కత్తిరించి పారేశాడు. కానీ యాకూబ్ సైకిలు తొక్కుకుంటూ వచ్చి నా మెట్ల మీద కూర్చొని, తప్పేమిటని అడిగాడు. ఈ తేడాను మరిచిపోవద్దు, దీనికి మళ్ళీ వస్తాను.

ఖాళీని తిరిగి పెడతానన్నాడు. వెంటనే, "గని జనం కరెంట్ పోయిందనుకుంటరు" అన్నాడు. నేను మెట్ల మీదనుంచి లేచాను.

"ఆగు కాకా, పీకేస్త అంటలేను. కన్నును ఒక్కపారి మూసి తెరిపిస్త. గప్పుడు దానికి పాణమున్నదని తెలుస్తది."

నెమలి చేసినవాడిని నేను, నాకు నేర్పుతావా అన్నాను. అన్నాక గుర్తుకు వచ్చింది. నెమలి రెప్ప వేస్తుంది. కంటిమీద తెల్లటి పొర ఒకటి అట్లా జరిగి పోతుంది. సిగ్నలు దగ్గర ఎన్నోసార్లు చూశాను. రోలరు మీద దాన్ని పెట్టడం నాకు కుదరలేదు. అంత సన్నటి సందు కోస్తే రాగి పట్టీ ఆ అంచుకు తగులుకొని రేకును చీల్చేసేది. ఇత్తడికి చేతకానిది అప్పుడు వదిలేశాను. యాకూబ్‌కు అది ఒక్క డయోడును తీసేయడం. అక్కడే మెట్ల మీద కూర్చొని తీసేశాడు. ఎప్పుడు తీయాలో మాత్రం నేను చెప్పాను, ఖాళీ మొదట్లో కాదు, నడుమ కాదు, చూసేవాడికి అనుమానం వచ్చాక.

మొన్న ఎంగిలిపూల నాడు పొద్దుగూకే వేళకు ఆడవాళ్ళు బతుకమ్మలు ఎత్తుకొని వచ్చారు. గునుగు పూలు, తంగేడు పూలు. ప్రెసిడెంటు గేటు దగ్గర చేతులు వెనక్కి కట్టుకొని నిలబడ్డాడు. అల్లుడు కూడా వచ్చి కొంచెం దూరంగా నిలబడ్డాడు. యాకూబ్ స్విచ్చు వేశాడు. నెమలి నడిచింది, మెడ తిప్పింది, మెచ్చుకోలుగా ఏవో మాటలు వినబడ్డాయి. తర్వాత అన్నీ ఆరిపోయాయి.

"పాయె, కరెంట్ పాయె" అన్నారెవరో. మగవాళ్ళు ట్రాన్స్‌ఫార్మరు దిక్కు తిరిగారు. "నేను ముందే చెప్పిన" అని ప్రెసిడెంటు యాకూబ్ మీదికి నడిచాడు. చీకట్లో ఒక్క కన్ను. అది రెప్ప వేసింది.

బతుకమ్మ ఎత్తుకున్న ఒక ముసలామె, "అవ్వో, అది మనల్నే సూస్తాంది" అన్నది.

ట్రాన్స్‌ఫార్మరు దిక్కు తిరిగినవాళ్ళు వెనక్కి తిరిగారు. నెమలి ఇంకా ఆగి ఉంది. అప్పుడు జలదరించింది. నడిమి ఈకలు, వాటి పక్కవి, ఆ పక్కవి, ఒకదాని వెంట ఒకటి, చివరకు వచ్చేసరికి తొందరపడుతూ తోకంతా లేచింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆడవాళ్ళు ఎత్తుకున్న బతుకమ్మలు దించకుండా అట్లాగే నిలబడి, మళ్ళీ ఆ చీకటి ఎప్పుడు వస్తుందా అని చూశారు. వచ్చింది. ఈసారి కరెంటు మాట ఎవరూ ఎత్తలేదు.

ప్రెసిడెంటు నాతో బాగుందని అనలేదు, అనడు కూడా. మర్నాడు చందాదారుల పేర్లు గుడ్డమీద రాయించి గోడకు కట్టించాడు. గేటు నెమలికే ఉంది. అల్లుడు ఇంటికి వస్తూ దారిలో, "మామా, అది అట్ల ఎందుకు ఆగుతది?" అని నన్నే అడిగాడు. నేరుగా. పేపరు సంగతి ఎత్తలేదు.

నాకు శాంతి కలిగిందని రాస్తే నువ్వు సంతోషిస్తావు. కలగలేదు. ఎడమవైపు చివరి ఈక కొంచెం ముందే వెలుగుతోంది, రేపు సరిచేయాలి. రోలరు తిరిగే గరగర చప్పుడు లేదు, అది లేకుండా నెమలి కదులుతుంటే నాకు ఎక్కడో వెలితిగా ఉంది. అన్నిటికన్నా పెద్ద చిరాకు ఇంకొకటి. ఇన్నేళ్ళు మీ ఊళ్ళలో ఎన్ని పెళ్ళిళ్ళు అయ్యాయి, ఎన్ని పందిళ్ళ ముందు నా నెమలి నిలబడింది. ఒక్కరు కూడా దీన్ని చూడలేదు. ఛత్రీని చూసి పోయారు. జనం లేస్తున్నారు, ఏం చేద్దామని మీ ఆయన నాకు ఒక్క కార్డు ముక్క రాసి ఉంటే, ఏదో ఒకటి ఆలోచించేవాడిని. ఆ కన్నును ఎట్లాగో కదిలించేవాడిని. సెలవు పెట్టి వచ్చేవాడిని. అడగలేదు. మేకు తీసుకున్నాడు, కొట్టాడు.

ఇప్పుడు నా పిలుపు విను. బతుకమ్మకు అన్న చెల్లెను ఇంటికి పిలుచుకోవాలి. ఇన్నేళ్ళు పిలవలేదని నీకు నామీద కోపం. పిలిస్తే వెంట ఆయన వస్తాడని పిలవలేదు. ఈసారి ఆయన రావాలని పిలుస్తున్నాను. చివరి రోజు సద్దుల బతుకమ్మకు ఇద్దరూ రండి. పొద్దుటి ప్యాసింజరుకు వస్తే వరంగల్ స్టేషన్లో నేను ఉంటాను, రిక్షా మాట్లాడి పెడతాను. సరళ నీకోసం సత్తుపిండి చేస్తానంటోంది. పండుమిర్చి తొక్కు ఒక సీసా తీసుకురా, బిడ్డకు కనబడకుండా నా చేతికివ్వు. మన పాత ఇంటి దూలం సందులో నా సన్న ఆకురాయి ఉండాలి, ఎలుకలు తినలేదు కదా, అదీ తీసుకురా. మీ అటకమీద పాత రోలరు ఉందని గార్డు చెప్పాడు. అది నువ్వు మోయవద్దు. మీ ఆయననే మోసుకురమ్మను.

గేటుకు ఎదురుగా ఆయనకు కుర్చీ వేయిస్తాను. చెవులు వినబడకపోతే మరీ మంచిది, పాటల మీదికి ధ్యాస పోదు. కళ్ళు ఉన్నాయి కదా. ఖాళీ వచ్చినప్పుడు ఆయన ముఖం నేను చూడాలి. నెమలిని నేను చూడను, ఆయననే చూస్తాను. తర్వాత ఆ రోలరు మీది రేకును ఆయన చేత్తోనే పీకిస్తాను. పటకారు నేనిస్తాను. పీకిన తర్వాత మీ ఇంటికి వచ్చి మంచినీళ్ళు తాగుతానో లేదో అప్పుడు చూద్దాం.

చిన్నమ్మ కాళ్ళకు నా తరఫున దండం పెట్టు. సద్దులనాటి సాయంత్రం కరెంటు పోకుండా ఉండాలని ఆమెను ఒక్కమాట దీవించమను, ఆమె నోట మాట జరుగుతుంది. పిల్లలకు నా ఆశీస్సులు. ఇరుగుపొరుగులో నన్ను అడిగినవాళ్ళకు అడిగానని చెప్పు, అడగనివాళ్ళకు చెప్పవద్దు. నేను బాగానే ఉన్నాను, నిజంగానే. మోకాళ్ళు జాగ్రత్త.

నువ్వు పచ్చగా ఉండాలని ఎప్పుడూ కోరుకునే
మీ అన్న
రామాచారి

ఇంకొక్క మాట. డ్రాయింగు మాస్టారును, ఫోర్‌మన్‌ను, ప్రెసిడెంటును ఈ ఉత్తరంలో తిట్టాను. వాళ్ళు నాకేమీ మాట ఇవ్వలేదు, వాళ్ళను వదిలేస్తున్నాను. నేను ఇప్పటికీ తప్పు పట్టేది ఒక్క మనిషినే. నువ్వు ఉత్తరాన్ని ఆయన చెవి దగ్గర గట్టిగా చదివి వినిపిస్తావు, కానీ ఆ పేరు నోటితో పలకవు, పెళ్ళైననాటినుంచి పలకలేదు. అందుకని అంతటా మీ ఆయన అనే రాసుకుంటూ వచ్చాను. ఇక్కడికి వచ్చాక చదవడం ఆపి కాగితం ఆయన చేతికివ్వు. కళ్ళజోడు పెట్టుకొని చివరి మాటను తానే చదువుకుంటాడు. పెద్ద అక్షరాలతో రాస్తున్నాను.

సోమాచారి.